చూడని గురువు: డాక్టర్ యలవర్తి నాయుడమ్మ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, నా జీవితంలో రాయదగ్గది ఏముందని వెనకాడాను. 33 ఏళ్లు నేను చేసిన పని బంకలు తయారుచేయడం. అట్టపెట్టెల అంచులు అతికే బంక, బిస్కెట్ ప్యాకెట్టు మూసే బంక, సీసా మీద లేబుల్ ఊడకుండా పట్టుకునే బంక. మీరు పెట్టె విప్పుతారు, లోపలి వస్తువు తీసుకుంటారు, పెట్టె పారేస్తారు. అతుకు బాగుంటే దాని సంగతి ఎవరికీ పట్టదు. ఊడిందంటే మాత్రం మా ల్యాబులో ఫోన్ మోగుతుంది. అందుకని నా గురించి కాకుండా, నా పనికి ఒక అర్థం ఉందని నాకు నేర్పిన మనిషి గురించి రాస్తానని చెప్పాను. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన పోయిన రోజునే ఆయన పేరు నాకు మొదటిసారి సరిగ్గా తెలిసింది. అయినా నేను ఆయన్ని నా గురువుల వరసలోనే లెక్కపెట్టుకుంటాను.

ముందు నా బాల్యం సంగతి కొంచెం చెప్పాలి. మా నాయన పుంగనూరులో వడ్రంగి. ఆ రోజుల్లో చెక్కకు చెక్క అతకాలంటే మా ఇంట్లో వాడేది వజ్రమే. ఈ తరం పిల్లలు వజ్రం అంటే ఉంగరంలో పొదిగేదే అనుకుంటారు. వడ్రంగుల వజ్రం వేరు. బెల్లం రంగులో, పలకలు పలకలుగా, గట్టిగా ఉండే బంక. రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే నీళ్లు పోసిన పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పెట్టి, సన్నని సెగ మీద కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే పట్టు పోతుంది. ఆ పని నాకు అప్పజెప్పేవాడు నాయన. దాని వాసన ఒకసారి ముక్కుకు పట్టిందంటే సాయంత్రం దాకా వదలదు. ఇది దేనితో చేస్తారని ఒకసారి అడిగాను. తోళ్ల ముక్కలు, ఎముకలు ఉడకబెట్టి తీస్తారని నాయన చెప్పాడు. అందుకే మా అవ్వ ఆ గిన్నెను వంటింటి గడప దాటనిచ్చేది కాదు.

ఆరో తరగతికి నన్ను మదనపల్లెలో మన బడిలో చేర్చారు. నా తరగతిలో పుంగనూరు నుంచే వచ్చే ఇంకో అబ్బాయి ఉండేవాడు. వాళ్ల నాయన సంతలో పచ్చితోళ్లు కొని, ఉప్పు చల్లి, మూటలు కట్టి వాణియంబాడి వైపు పంపేవాడు. శనివారం సాయంత్రం మేమిద్దరం ఒకే బస్సులో ఊరికి పోయేవాళ్లం. నేను అతని పక్కన కూర్చునేవాణ్ణి కాను. ఒకరోజు తరగతిలో, అందరూ వింటుండగా, అతని దగ్గర తోలు కంపు వస్తోందని అన్నాను. పిల్లలు నవ్వారు. అతను ఏమీ అనకుండా పుస్తకాలు సర్దుకుని వెనక బెంచీకి పోయాడు. ఎనిమిదో తరగతి తర్వాత బడికే రాలేదు. మా ఇంట్లో పొద్దున్నే కాగే వజ్రమూ, వాళ్ల ఇంటి తోలూ ఒకటేనని నాకు అప్పటికే తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను.

బడి తర్వాత మదనపల్లెలోనే బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బీఎస్సీ, తిరుపతిలో ఎమ్మెస్సీ చదివి, 1984లో మద్రాసులో ఒక బంకల కంపెనీ ల్యాబులో చేరాను. మా అమ్మ పుట్టిల్లు కుప్పం. సెలవు దొరికితే అక్కడికి పోయి, అక్కడి నుంచే రైలెక్కి మద్రాసుకు తిరిగి వచ్చేవాణ్ణి. జోలార్‌పేట దాటాక వాణియంబాడి, ఆంబూరు వస్తాయి. అక్కడికి రాగానే పెట్టెలో జనం ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్లు, కిటికీలు దించేవాళ్లు. అదంతా టానరీల వాసన. నేనూ కిటికీ దించేవాణ్ణి. దించిన ప్రతిసారీ మన బడిలో ఆ వెనక బెంచీ గుర్తొచ్చేది.

1985 జూన్ 23, ఆదివారం. కెనడా నుంచి లండన్ మీదుగా ఢిల్లీకి రావలసిన ఎయిరిండియా విమానం కనిష్క ఐర్లండు తీరానికి దగ్గరలో, సముద్రం మీద, బాంబు పేలి కూలిపోయింది. అందులో ఉన్న 329 మందీ పోయారు. సోమవారం ల్యాబుకు వెళ్లేసరికి మా పెద్ద కెమిస్టు పేపరు ముందు పెట్టుకుని మాట లేకుండా కూర్చుని ఉన్నారు. చనిపోయినవాళ్లలో నాయుడమ్మ గారు ఉన్నారు. చర్మాల మీద పరిశోధన చేసిన మనిషి కోసం బంకలు చేసే మనిషి ఎందుకు ఇంతగా కుంగిపోవాలో నాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం ఆయన నన్ను పిలిచి ఒక మాట గురించి చెప్పారు. ఆ మాట కొల్లాజెన్. తోలులో ఉండే ముఖ్యమైన ప్రోటీన్ అది. గ్రీకు భాషలో కొల్లా అంటే బంక. బంకను పుట్టించేది కాబట్టి కొల్లాజెన్. తోలును తగినంత వేడి నీళ్లలో ఉడికిస్తే అది కరిగి బంక అవుతుంది. అదే తోలును సరైన చెక్కరసంలోనో, క్రోమియం ఉప్పులోనో నానబెడితే ఇక కరగదు, కుళ్లదు, చెప్పు అవుతుంది. ఒకే పదార్థానికి రెండు దారులు. ఒక దారిలో నేను పనిచేస్తున్నాను, ఇంకో దారిలో నాయుడమ్మ గారు పనిచేశారు. పుంగనూరులో మా నాయన గిన్నెలో కాగిన వజ్రం నాకు అప్పుడు మళ్లీ కళ్లముందు కదిలింది.

అప్పటి నుంచి ఆయన గురించి దొరికినదల్లా చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. అలా తెలుసుకున్నదే మీతో పంచుకుంటున్నాను.

నాయుడమ్మ గారు 1922 సెప్టెంబర్ 10న గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలోని యలవర్రు గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టారు. పేరు విని చాలామంది స్త్రీ అనుకుంటారు. గ్రామదేవత పేరు పెట్టుకునే ఊళ్లలో అది మగవాళ్లకూ ఉండే పేరే. గుంటూరులో ఇంటర్మీడియట్ అయ్యాక కాశీ వెళ్లి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయనశాస్త్రం చదివారు. అక్కడి నుంచి వచ్చినవాళ్లకు సబ్బుల్లోనో, చక్కెరలోనో, మందుల్లోనో ఉద్యోగాలు ఉండేవి. ఆయన మద్రాసులో చర్మ సాంకేతిక విద్య వైపు వచ్చారు.

ఇప్పుడు ఇది ఉద్యోగంలో చేరడమంత మామూలుగా కనిపిస్తుంది. 1940ల్లో అది చిన్న విషయం కాదు. భూమి దున్నుకునే ఇంట్లో పుట్టి, చదువుకుని, తోళ్ల పనికి పోతానంటే ఊరు ఊరుకునేది కాదు. తోలు పని చేసేవాళ్లను ఊరి బయట ఉంచిన సమాజం మనది. వాళ్లు కుట్టిన చెప్పులు తొడుక్కుని, వాళ్లు చేసిన మోటబొక్కెనతో నీళ్లు తోడుకుని, వాళ్లను మాత్రం గడప ఎక్కనివ్వని సమాజం. చదువుకున్నవాడు ఆ పనిలోకి దిగడమంటే చేతులకు సున్నం, ఒంటికి వాసన అంటించుకోవడం. పచ్చితోలును సున్నపు గుంతలో నానబెట్టాలి, వెంట్రుకలు గీకాలి, లోపలి వైపు అంటుకున్న మాంసం పొర చెక్కాలి. అవన్నీ చేతితో చేసే పనులు. పుస్తకం చదివి రావు. ఆయన ఆ పని నేర్చుకున్నారు.

తర్వాత ఇంగ్లండు వెళ్లి అక్కడి చర్మ పరిశోధన చూశారు. అక్కడి నుంచి అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లీహై విశ్వవిద్యాలయానికి వెళ్లి డాక్టరేటు చేశారు. తోలు తోలుగా ఎందుకు నిలుస్తుంది అన్నది ఆయన్ని పట్టుకున్న ప్రశ్న. పచ్చితోలును నీళ్లలో వేడి చేస్తూ పోతే 60, 65 డిగ్రీల దగ్గర ముడుచుకుపోతుంది. క్రోమియంతో శుద్ధి చేసిన తోలు మరిగే నీళ్లను కూడా తట్టుకుంటుంది. ప్రోటీన్ పోగుల మధ్య కొత్త ముడులు పడడమే అందుకు కారణం. ఏ రసాయనం ఎక్కడ ముడివేస్తుందో తెలిస్తే, ఏ తోలును ఎలా చేయాలో ముందే చెప్పొచ్చు. మా బంకల్లోనూ ఇదే లెక్క. పొడవాటి అణువుల మధ్య ముడులు తక్కువైతే బంక జారిపోతుంది, ఎక్కువైతే పెళుసై పగిలిపోతుంది. సరిపోయేంత ముడి వేయడమే మా వృత్తి అంతా.

స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు, 1948లో, మద్రాసు అడయారులో కేంద్ర చర్మ పరిశోధన సంస్థ ఏర్పడింది. అందరూ సీఎల్‌ఆర్‌ఐ అంటారు. నాయుడమ్మ గారు 1951లో తిరిగివచ్చి అందులో చేరారు. ఆ సంస్థకు పక్కనే మద్రాసు విశ్వవిద్యాలయం వారి గిండీ ప్రాంగణంలో జి.ఎన్. రామచంద్రన్ గారు భౌతికశాస్త్ర విభాగం నడిపేవారు. కొల్లాజెన్ నిర్మాణం కనిపెట్టాలని రామచంద్రన్ గారు పూనుకున్నప్పుడు, ఎక్స్‌రే కింద పెట్టడానికి శుభ్రమైన కొల్లాజెన్ కావలసి వచ్చింది. పక్కింటి చర్మ సంస్థ నుంచి కంగారూ తోక నరాల నమూనా దొరికింది. మూడు పోగులు జడ అల్లినట్టు పెనవేసుకున్న నిర్మాణాన్ని ఆయన, గోపీనాథ్ కర్తా గారు 1954, 1955 సంవత్సరాల్లో నేచర్ పత్రికలో ప్రకటించారు. మా నాయన గిన్నెలో కరిగిన పదార్థం లోపల ఎలా ఉంటుందో ప్రపంచానికి మొదట చెప్పింది మద్రాసే. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

1958లో నాయుడమ్మ గారు సీఎల్‌ఆర్‌ఐ డైరెక్టర్ అయ్యారు. అప్పటికి ఆయనకు ముప్పయ్యారేళ్లు అటూ ఇటూ. 1971 దాకా ఆ కుర్చీలో ఉన్నారు. కుర్చీలో అని రాశాను గానీ, ఆయన గురించి విన్న ఏ కథలోనూ కుర్చీ లేదు. టానరీల్లో సున్నపు గుంతల పక్కన నిలబడి పనివాళ్లతో మాట్లాడడం, తోలును చేత్తో తడిమి చూడడం, పరిశోధకులను ల్యాబులో నుంచి లేపి ఫ్యాక్టరీలకు పంపడం, ఇవే విన్నాను. శాస్త్రవేత్తలు, టానరీల యజమానులు, ప్రభుత్వం వాళ్లు ఏటా ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సమావేశాలు నడిపించారు. తోళ్ల పరిశ్రమ మద్రాసు ఒక్కచోటే లేదు కాబట్టి కాన్పూరు, కలకత్తా, జలంధర్ వంటి చోట్ల కూడా సంస్థకు ప్రాంతీయ కేంద్రాలు వచ్చాయి. పరిశోధన ఫలితం కాగితం మీద అచ్చయితే పని సగమే అయినట్టు. గుంత దగ్గర నిలబడే మనిషి చేతికి అది చేరాలి. ఆయన పనిచేసిన తీరంతా ఇదే చెబుతుంది.

మన ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్తాను. మదనపల్లె, పుంగనూరు గుట్టల మీద తంగేడు ఎంత ఉందో మీకు చెప్పనక్కర్లేదు. సంక్రాంతికి గొబ్బెమ్మ మీద పెట్టేది ఆ పువ్వే. దక్షిణాది టానరీలు తరతరాలుగా బతికింది ఆ తంగేడు చెక్క మీద, కరక్కాయ మీద. చెక్క నానేసిన రసంలో తోళ్లు వారాల తరబడి ఊరాలి. అలా చేసిన తోలుకు ఈస్టిండియా తోలు అని విదేశాల్లో పేరు. తర్వాత ఆఫ్రికా నుంచి వాటెల్ చెక్క దిగుమతి చేసుకోవడం అలవాటైంది. దేశంలో దొరికే చెక్కలతోనే ఆ పని ఎలా సాగించాలన్నది సీఎల్‌ఆర్‌ఐ చేపట్టిన పనుల్లో ఒకటి. గుట్ట మీద చెట్టుకూ, ల్యాబులో పరీక్షనాళికకూ మధ్య దారి వేయడమంటే ఇదే.

ఆ దారి నాకు నిజంగా అర్థమైంది పుస్తకాల వల్ల కాదు, ఒక దెబ్బ తిన్నాక. 1980ల చివర్లో కుప్పం దగ్గర అట్టపెట్టెలు చేసే ఒక చిన్న యూనిట్‌కు మా కంపెనీ బంక వెళ్లేది. మొక్కజొన్న పిండితో చేసిన బంక అది. పిండిని నీళ్లలో కలిపి కాస్టిక్ సోడా, బోరాక్స్ వేసి తయారుచేస్తాం. కాస్టిక్ వల్ల పిండి రేణువులు తక్కువ వేడికే ఉబ్బుతాయి, బోరాక్స్ వల్ల జిగురు వస్తుంది. దాన్ని రూపొందించింది నేనే. ల్యాబులో 27 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న గదిలో ఒక రోజు ఉంచి లాగి చూస్తే కాగితం చిరిగేది గానీ అతుకు ఊడేది కాదు. అంతకంటే మంచి ఫలితం ఉండదు. వానాకాలం రాగానే ఆ యూనిట్ పెట్టెలు అడుగు ఊడి ఊరగాయ సీసాలు పగిలాయని కబురు. నేను రిపోర్టు చూపించి తప్పు మాది కాదని జవాబు రాశాను. రెండోసారీ అదే రాశాను. మూడోసారి మా పెద్ద కెమిస్టు నా చేతిలో రైలు టికెట్టు పెట్టారు. నాయుడమ్మ గారైతే ఈపాటికి అక్కడ ఉండేవారు అన్నట్టు ఒక చూపు చూశారు, అంతే.

మూడు రోజులు ఆ షెడ్డులో కూర్చున్నాను. మొదటి రోజు ఎవరూ నాతో మాట్లాడలేదు. రెండో రోజు మధ్యాహ్నం, బంక పూసే బల్ల దగ్గర పనిచేసే ఒక పెద్దమ్మ, నేను సంగటి తింటానా అని అడిగి, ఆ మాటా ఈ మాటా చెప్తూ అసలు సంగతి చెప్పింది. కుప్పంలో పొద్దున చలి. బంక డ్రమ్ములో పెరుగులా గట్టిపడిపోతుంది. బ్రష్షు కదలదు. వాళ్లకు కూలి పెట్టెల లెక్కన. అందుకని చెంబెడు నీళ్లు పోసి కలుపుతారు. వాన రోజుల్లో రెండు చెంబులు. బంకలో పిండి పాలు పడిపోయి, అతుకు పైకి ఆరినట్టు కనిపించి, తేమ తగలగానే వదిలేస్తోంది. నా ల్యాబులో చెంబు లేదు. చలి లేదు. పెట్టెల లెక్కన కూలీ లేదు. ఆ మనిషిని ఎవరూ ఏనాడూ అడగలేదు, కాబట్టి ఆమె ఎవరికీ చెప్పలేదు.

తిరిగొచ్చి ఆరు వారాలు పనిచేసి, చలిలోనూ బ్రష్షుకు పలచగా ఉండేలా, నీళ్లు పోయనక్కర్లేకుండా బంకను మార్చాను. తేమకు తట్టుకోవడానికి కొద్దిగా రెజిన్ కలిపాను. అదేమీ గొప్ప ఆవిష్కరణ కాదు. కానీ ఆ తర్వాత నేను ఏ బంక రూపొందించినా, మొదటి నమూనా పట్టుకుని పూసే మనిషి దగ్గరికి నేనే వెళ్లాను. నా దగ్గర చేరిన కుర్రవాళ్లందరినీ మొదటి నెల షెడ్డులోనే ఉంచాను. ఇది నా తెలివి కాదు. అడయారులో ఒక మనిషి సున్నపు గుంతల పక్కన నిలబడి చూపించిన పద్ధతి, నా దాకా వచ్చింది.

మళ్లీ ఆయన జీవితానికి వస్తాను. 1971లో నాయుడమ్మ గారికి పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు ఆయన దేశంలోని ఎన్నో ప్రయోగశాలలకు పెద్ద అయిన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా ఢిల్లీ వెళ్లారు. 1977 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు. సీఎల్‌ఆర్‌ఐలో చేసినదాన్ని అక్కడ పెద్ద ఎత్తున చేయాలని చూశారు. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో కరీంనగర్ జిల్లాను తీసుకుని, వేరువేరు ప్రయోగశాలలు తమ విద్యను ఆ ఒక్క జిల్లా అవసరాలకు ఎలా వినియోగించవచ్చో చూసే ప్రయత్నం ఆయన హయాంలోనే జరిగింది. ప్రయోగశాలలో ఉన్నది ఊరికి ఇవ్వడం ఒకటే కాదు, ఊరికి ఏమి కావాలో ముందు వెళ్లి తెలుసుకోవడం ఆ పని మొదటి మెట్టు.

తోళ్ల వ్యాపారంలో పెద్ద మలుపు కూడా ఆ కాలంలోనే వచ్చింది. అప్పటిదాకా మన దేశం ఎక్కువగా పచ్చితోలు, సగం శుద్ధి చేసిన తోలు అమ్మి, ఆ తోలుతో చేసిన ఖరీదైన వస్తువుల లాభం పైదేశాలకు వదిలేసేది. సగం పనికి సగం కూలి కూడా దక్కదు. తోలును ఇక్కడే పూర్తిగా తయారుచేసి, చెప్పులు, సంచులు చేసి అమ్మాలన్నది నాయుడమ్మ గారూ ఆయన సంస్థా ఎన్నాళ్లుగానో పట్టుబట్టిన విషయం. 1972లో సీతారామయ్య కమిటీ ఆ దిశగానే సిఫారసు చేసింది. ఆ వెంటనే సగం శుద్ధి చేసిన తోళ్ల ఎగుమతి మీద ప్రభుత్వం పరిమితులు పెట్టింది. ఇవాళ ఆంబూరులో, వాణియంబాడిలో బూట్ల ఫ్యాక్టరీలకు పొద్దున్నే బస్సుల్లో వెళ్లే వేల మంది ఆడపిల్లలను చూసినప్పుడు నాకు ఆ నిర్ణయం గుర్తొస్తుంది. వాళ్లలో కుప్పం వైపు నుంచి వెళ్లేవాళ్లూ ఉన్నారు.

1981, 82లో ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్స్‌లర్‌గా పనిచేశారు. ఆ తర్వాత మద్రాసుకే తిరిగివచ్చారు. ఐక్యరాజ్యసమితి తరఫున ఎన్నో దేశాలకు సలహాలిచ్చారు. ఆఖరికి విదేశ ప్రయాణం నుంచి తిరిగివస్తూ కనిష్కలో పోయారు. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు. ఆయన భార్య డాక్టర్ పవన గారు స్త్రీల వైద్యురాలు. ఆ దుఃఖంలో ఆమె కూడా ఎక్కువ కాలం బతకలేదు.

పెద్దవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి ఒక్కటే రాసి ముగించడం మన అలవాటు. నాయుడమ్మ గారి విషయంలో అలా ముగిస్తే ఆయన నేర్పినదానికే అన్యాయం చేసినట్టు. పాలారు నంది కొండల దగ్గర పుట్టి, మన కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులో దిగి వాణియంబాడి, ఆంబూరు పక్కగా పారుతుంది. కుప్పం దగ్గర ఇసుక తవ్వితే వచ్చే ఊటనీళ్లు మేము దోసిళ్లతో తాగాం. అదే నది కిందికి పోయేసరికి టానరీల ఉప్పునీళ్లతో, క్రోమియంతో పాడైంది. కిలో పచ్చితోలు శుద్ధి చేయాలంటే పాత పద్ధతిలో 30, 40 లీటర్ల నీళ్లు పడతాయి. వారాలు పట్టే తంగేడు పనిని క్రోమియం ఒక రోజుకు తెచ్చింది, ఎగుమతులు పెరిగాయి, ఆ నీళ్లన్నీ పొలాల్లోకి, బావుల్లోకి వెళ్లాయి. చివరికి 1996లో సుప్రీంకోర్టు ఆ ప్రాంతపు టానరీల మీద గట్టి తీర్పు ఇచ్చి, పాడుచేసినవాళ్లే ఖర్చు భరించాలని చెప్పింది. నీళ్లు శుద్ధి చేసే పద్ధతుల కోసం పరిశ్రమ మళ్లీ ఆ అడయారు సంస్థ వైపే చూసింది.

ఆయన తప్పా అని నన్ను అడిగితే చెప్పలేను. పరిశ్రమను పెంచినంత వేగంగా దాని మురుగును ఆలోచించలేదు, ఆ తరంలో ఎవరూ ఆలోచించలేదు. మేమూ అంతే. ప్లాస్టిక్ పొరలు అతికే బంకల్లో ఏళ్ల తరబడి టోలీన్ వాడాం. ఆ ఆవిరి పీల్చి యంత్రం దగ్గర పనివాడికి తలనొప్పి వస్తుందని తెలిసీ, ఉత్పత్తి లెక్క చూసుకుని ఊరుకున్నాం. నేను పనిచేసిన ఒక చోట నీటి బంకకు మారడానికి ఆరేళ్లు పట్టింది, అందులో నా సంతకం ఆలస్యమైన ఏడాది కూడా ఒకటుంది. గుంత దగ్గర నిలబడే మనిషిని చూడమని నాయుడమ్మ గారు నేర్పారు. ఆ గుంతలో నీళ్లు ఎక్కడికి పోతాయో కూడా చూడాలని ఆయన తర్వాతి తరం పాలారు దగ్గర నేర్చుకుంది. ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలు ఈ రెండింటినీ కలిపి నేర్చుకోవాలి.

ఈ సంచిక చదివే ఉపాధ్యాయులకు ఒక మనవి. కొల్లాజెన్ పాఠం చెప్పేటప్పుడు దయచేసి వజ్రం సంగతి కూడా చెప్పండి. దొరికితే ఒక పలక తెచ్చి నానబెట్టి, కరిగించి చూపండి. వాసన రానివ్వండి. తోళ్ల పని ఎవరు చేశారో, మనం వాళ్లతో ఎలా ఉన్నామో కూడా చెప్పండి. అది సైన్సు పాఠంలో భాగమే.

ఇక చివరి మాట. మన 1976 బ్యాచ్ వాళ్లం ఈ స్వర్ణోత్సవం కోసం అందరినీ వెతుకుతున్నాం. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాళ్లు పట్టికలో ఉండరు. పుంగనూరు బస్సులో నాతో వచ్చిన ఆ మిత్రుడు ఎక్కడున్నాడో మా ఎవరికీ తెలియదు. పేరు ఇక్కడ రాయను, అది అతని ఇష్టం. ఈ సంచిక ఎలాగో అతని చేతికి చేరితే, లేదా మీలో ఎవరికైనా ఆచూకీ తెలిస్తే, సంఘానికి ఒక మాట చెప్పండి. ఉత్సవం నాటికి రాగలిగితే నేను ముందే వచ్చి అతని కోసం ఒక కుర్చీ పట్టిపెడతాను. అతని పక్కన కూర్చోవలసిన బాకీ నాకు యాభై ఏళ్లుగా ఉంది.

(రచయిత 1976 బ్యాచ్ పూర్వ విద్యార్థి, ప్యాకేజింగ్ బంకల పరిశోధనలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు.)